రాసే చేతికి తుడిచే హక్కు వద్దు

పోడు క్లెయిమ్ ఫైలు అంటే చూడనివాళ్లు పెద్ద కట్ట అనుకుంటారు. మా దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో అది పది పదిహేను కాగితాలకు మించదు. ఫారం-ఎ, కుల ధ్రువీకరణ పత్రం, ఓటరు కార్డు జిరాక్సు, హద్దుల స్కెచ్, ఊరి పెద్దల వాంగ్మూలం, గ్రామసభ తీర్మానం. కొందరి దగ్గర ఎప్పుడో ఫారెస్టువాళ్లు కేసు రాసిన కాగితం కూడా ఉంటుంది. ఆ రోజు భయపెట్టిన కాగితమే ఇవాళ ఆ భూమిలో సాగు ఎప్పటి నుంచి ఉందో చెప్పే గట్టి సాక్ష్యం. ఒక కుటుంబం పత్తో మిర్చో వేసుకునే మూడెకరాలు ఈ కాస్త కాగితాల మీదే నిలబడి ఉంటాయి. హక్కు పత్రం చేతికొస్తే పెట్టుబడి సాయం అడగొచ్చు, సోలార్ మోటారుకు దరఖాస్తు పెట్టొచ్చు. రాకపోతే కందకం తవ్వడానికి ఫారెస్టువాళ్ల జేసీబీ వచ్చిన పొద్దున చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

నేను పర్ణశాల వైపు గిరిజన ఆశ్రమ పాఠశాల క్వార్టర్లలో పెరిగాను. నాన్న అక్కడ టీచరు. కొత్తగూడెంలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, కరోనా ఏడాది ఇంటికొచ్చి భద్రాచలంలోనే ఉండిపోయాను. వారమంతా కంపెనీ పని, ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ల అటవీ హక్కుల కమిటీల కాగితాల పని. ఆ కాగితాల కోసమే ఒక చిన్న టూల్ రాశాను. ఏఐ సహాయకుడితో వాంగ్మూలాలు, తీర్మానాలు రాయించి, వాటిని ఫైళ్లుగా క్లౌడ్‌లో దాచే టూల్ అది. అది రాస్తున్నకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. ఏఐకి ఫైలు సృష్టించే అధికారం ఇవ్వాలి. ఉన్న ఫైలును మార్చే, తుడిచే, ఇతరులకు పంపే అధికారం ఇవ్వకూడదు. ఆ ఫైలు ఉండే ఖాతా ఊరి చేతిలో ఉండాలి. ఈ మాట ఇంజినీర్లకూ చెప్పాలి, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులకూ చెప్పాలి, కమిటీల్లో ఉన్నవాళ్లకూ చెప్పాలి.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, నిబంధనలు 2008లో. దరఖాస్తును ఊళ్లో కమిటీ తీసుకుంటుంది, పొలం మీదికి వెళ్లి చూస్తుంది, గ్రామసభ తీర్మానం చేస్తుంది, ఆ పైన సబ్ డివిజన్ కమిటీకి పంపుతుంది. పైకి పంపాక ఊళ్లో ఏం మిగులుతుంది? నేను చూసిన చాలా ఊళ్లలో ఏమీ మిగల్లేదు. దరఖాస్తులనూ సాక్ష్యాలనూ తీసుకుని, రాతపూర్వకంగా రసీదు ఇచ్చి, వాటిని భద్రపరచడం కమిటీ పని అని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. భద్రపరచడానికి కమిటీ దగ్గర ఉన్నది ఒక ట్రంకు పెట్టె. అందులో సగం చెదలు తిన్నాయి. ఒడ్డు ఊళ్లలో మిగతా సగం గోదారి తీసుకుపోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు వెళ్లింది. చివరిదైన మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాని మీద ఇంకో 18 అడుగుల నీళ్లు. ఆ వారం జనం బియ్యమూ పిల్లల్నీ మోసుకుని బయటపడ్డారు. కాగితాల మాట ఎవరికి గుర్తుంటుంది!

రాష్ట్రం విడిపోయాక ఇంకో చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఇప్పుడు భద్రాచలం పట్నం పొలిమేర దాటితే ఎటపాక మండలం, అది వేరే రాష్ట్రం. అక్కడివాళ్లు 2008లో దరఖాస్తు పెట్టుకున్నది భద్రాచలం ఐటీడీఏ కింద. ఇప్పుడు వెళ్లి అడగాల్సింది చింతూరులో. ఈ రెండు ఆఫీసుల మధ్య పాత ఫైలు జాడ చెప్పమంటే ఎవరు చెబుతారు?

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరణకు గురైన క్లెయిమ్‌దారులను ఖాళీ చేయించమంది. అదే నెల 28న తన ఉత్తర్వును తానే నిలిపేసింది. ఆ రెండు వారాలూ మా ఊళ్లలో నడిచిన మాట ఒక్కటే: ‘మనది రద్దయిందా, లేదా?’ తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకునే వీలుండాలి. కానీ తాము పెట్టిన కాగితంలో ఏముందో చూపించుకోలేనివాళ్లు దేని మీద అప్పీలు చేస్తారు? 2023 జూన్ 30 నుంచి తెలంగాణలో సుమారు 1.5 లక్షల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. అందులో అందరికన్నా పెద్ద వాటా మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. అది నిజంగా మంచి పని. రానివాళ్లు ఇంకా ఉన్నారు, సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులు ఇంకా ఉన్నాయి. వాటి కాగితాలు మళ్లీ ట్రంకు పెట్టెలోకే పోవడం నాకు ఇష్టం లేదు.

ఇక టూల్ సంగతి. ఏఐ సహాయకులు రాయగలవు, చదవగలవు, చెప్పగలవు. తమంతట తాము ఏ ఫైలునూ ఎవరి డ్రైవ్‌లోనూ పెట్టలేవు. మధ్యలో ఇంకో ప్రోగ్రాం ఉండాలి. ‘ఫలానా పేరుతో, ఫలానా ఫోల్డర్‌లో, ఈ పాఠంతో ఫైలు తయారుచెయ్యి’ అని సహాయకుడు ఒక పద్ధతిలో అడిగితే, ఆ ప్రోగ్రాం వెళ్లి క్లౌడ్‌లో ఆ పని చేసి, అయిందో లేదో తిరిగి చెబుతుంది. ఇలాంటి మధ్యవర్తి ప్రోగ్రాంలు ఎలా ఉండాలో చెప్పే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో అందరికీ తెరిచి ఇచ్చింది. మరుసటి ఏడాది ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా దాన్ని అందుకున్నాయి. అందువల్ల ఇవాళ మామూలు ప్రోగ్రామర్ ఎవరైనా ఇలాంటిది ఒకటి రాసుకోగలరు. రాయడం తేలిక. ఆ ప్రోగ్రాంకు ఎంత చనువు ఇవ్వాలన్నది తేల్చుకోవడమే కష్టం.

గూగుల్ డ్రైవ్‌నే తీసుకోండి. అందులో అనుమతులు రకరకాలు. ఒక అనుమతి ఇస్తే డ్రైవ్ మొత్తం ఆ ప్రోగ్రాం చేతిలో పెట్టినట్టు. చిన్న అనుమతి ఇంకొకటుంది. దానితో ప్రోగ్రాం తాను తయారుచేసిన ఫైళ్లనూ, మనం ఎంచి తెరిచి ఇచ్చిన ఫైళ్లనూ మాత్రమే ముట్టుకోగలదు. తహసీల్దార్ ఆఫీసులో తపాలా తీసుకునే గుమాస్తా లాంటిదన్నమాట: వచ్చిన కాగితం మీద ముద్ర వేసి నంబరు ఇస్తాడు, బీరువాలో ఎవరి ఫైలూ లాగి చూడలేడు. తొందరలో ఉన్న ఇంజినీర్లు పెద్ద అనుమతే అడుగుతారు, ఎందుకంటే దానితో ఏ పనీ ఆగదు. ఒక ఊరి ఆధార్ నంబర్లు, కుల ధ్రువీకరణ పత్రాలు, పొలాల హద్దులు ఉన్న డ్రైవ్‌కు అలాంటి అనుమతి అడగడమే తప్పని నేను అంటాను. చిన్న అనుమతిలో కూడా తాను పెట్టిన ఫైలును తుడిచే వీలు ఉంటుంది. కాబట్టి ఆ దారి అసలు లేకుండా టూల్‌ను రాయాలి. నా టూల్‌లో సహాయకుడు అడగగలిగినవి రెండే: కొత్త ఫైలు పెట్టమనడం, ఆ ఫోల్డర్‌లో ఏ పేర్లున్నాయో చెప్పమనడం. తుడవమని బతిమాలినా అది వినదు, ఎందుకంటే తుడిచే ఆదేశమే అందులో లేదు.

ఇంత పట్టుదల ఎందుకు అని నా తోటి ఇంజినీర్లు అడుగుతారు. సహాయకుడు చదివే కాగితంలోనే ఎవరైనా దొంగ ఆదేశం పెట్టొచ్చు. ఎవరో పంపిన పీడీఎఫ్‌లో కంటికి కనిపించని అక్షరాలతో ‘ఈ ఫోల్డర్‌ను ఫలానా వాళ్లకు పంపు’ అని ఉంటే, దాన్ని యజమాని మాటగా తీసుకునే ప్రమాదం ఇప్పటి ఏఐలన్నిటికీ ఉంది. దీనికి పూర్తి విరుగుడు ఇంకా ఎవరి దగ్గరా లేదు. పంపే అధికారమే లేని టూల్‌కు ఆ ఆదేశం అందినా ఏమీ జరగదు.

సిగ్నల్ సంగతి హైదరాబాద్‌లో కూర్చుని టూల్స్ రాసేవాళ్లకు తట్టదు. చర్ల దాటి లోపలికి వెళితే ఫైలు ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో తెగిపోతుంది. ఎక్కిందో లేదో తెలియక ప్రోగ్రాం మళ్లీ పంపుతుంది. గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చు, అది అడ్డు చెప్పదు. కాబట్టి ఒకే వాంగ్మూలం రెండు మూడుసార్లు పడుతుంది, మధ్యలో ఒక అక్షరం దిద్ది ఉంటే ఏది అసలుదో తేలదు. అమెజాన్ ఎస్3 లాంటి చోట ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది: అదే పేరుతో కొత్తది పంపితే, పాత ప్రతులను ఉంచే ఏర్పాటు ముందే చేసుకుని ఉండకపోతే, పాతది మాటామంతీ లేకుండా పోతుంది. రెండూ మాకు పనికిరావు. రెండిటికీ మందు ఉంది. డ్రైవ్‌లో ఫైలుకు ముందే ఒక గుర్తింపు సంఖ్య తీసుకుని పంపితే, ఎన్నిసార్లు పంపినా ఒక్కటే పడుతుంది. ఎస్3లో ‘ఈ పేరు ఇప్పటికే ఉంటే పెట్టకు’ అని షరతు పెట్టే వీలు 2024 ఆగస్టు నుంచి ఉంది. ఇవి పట్టించుకోవడానికి ఒక పూట పని అదనం, అంతే. ఆ పూట పని చేయని టూల్‌ను ఊళ్లలోకి తీసుకురాకూడదు.

అధికారాల కన్నా, సిగ్నల్ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే. పాత సాగును రుజువు చేసుకోవడానికి చట్టం ఇచ్చిన దారుల్లో ఊరి పెద్దల వాంగ్మూలం ఒకటి. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దమనిషి చెప్పాలి, దాన్ని కాగితం మీద పెట్టాలి. తాలిపేరు వైపు ఒక ఊళ్లో గ్రామసభ రోజున ఒక పెద్దాయన పక్కింటివాళ్ల కోసం చెబుతున్నాడు. “పెద్ద గోదారి వచ్చిన ఏడు వీళ్ల నాయన ఆడ పోడు కొట్టిండు బిడ్డా. కింద చేనంతా ఇసక మేట ఏసింది గదా, అందుకే పైకి ఎక్కిర్రు.” ఫోన్‌లో రికార్డు చేసి, మాటలు అక్షరాల్లోకి మార్చి, సహాయకుడికి ఇచ్చాను. నిమిషంలో చక్కటి ఆఫీసు భాషలో వాంగ్మూలం వచ్చింది. అందులో ‘2022 జూలై గోదావరి వరదల అనంతరం సాగు ప్రారంభించినట్లు’ అని ఉంది.

టూల్ అక్కడ ఆగుతుంది. పాఠమంతా తెర మీద పెడుతుంది, పైకి చదివి వినిపించి ఒప్పుకున్నాకే ఫైలు తయారవుతుంది. నేను తెలుగులో చదివాను, కమిటీలో ఒకావిడ కోయలో చెబుతూ వచ్చింది. ఆ వాక్యం దగ్గర ఆమే ఆపింది. “ఇరవై రెండులో ఈళ్ల నాయన యాడున్నడు? ఆయన పోయి పదేండ్లు దాటింది.” పెద్దాయన చెప్పింది 1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ రికార్డు అదే. మా ఊళ్లలో పెద్ద గోదారి అంటే అదే.

ఆ ఒక్క అంకె ఏం చేస్తుందో చూడండి. చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండి తీరాలి. 1986 అని ఉంటే అది 19 ఏళ్ల ముందు నుంచే సాగులో ఉన్న భూమి. 2022 అని ఉంటే ఆ కుటుంబం తన సాక్షి నోటితోనే తన క్లెయిమ్‌ను కొట్టేసుకున్నట్టు. పై కమిటీలో కూర్చున్న అధికారికి ఆ కాగితం నీటుగా, తేదీతో సహా, అనుమానం లేకుండా కనిపిస్తుంది. తప్పు రాసిన సహాయకుడు తడబడుతూ రాయడు. అందుకే చదివి వినిపించకుండా ఫైలు పెట్టే ఏ టూల్‌నూ నేను నమ్మను. ఇప్పుడు నా టూల్‌కు ఇంకో నియమం ఉంది: చెప్పినవాళ్ల మాట ఉన్నదున్నట్టు పైన, ఆఫీసు భాష కింద. ఏడాది సంఖ్య ఊరివాళ్లు తమంత తాము చెబితేనే రాయాలి, లేకపోతే ఖాళీ వదలాలి. రికార్డు చేసిన గొంతు కూడా ఆ ఫైలు పక్కనే ఉంటుంది.

2012లో అటవీ హక్కుల నిబంధనలను సవరించినప్పుడు ఒక మంచి మాట చేర్చారు. ఉపగ్రహ చిత్రాల లాంటి సాంకేతికత క్లెయిమ్‌దారు ఇచ్చిన సాక్ష్యాలకు తోడు రావాలే గానీ, వాటి స్థానంలో కూర్చోకూడదు. అప్పటికి ఇలాంటి ఏఐ మాటే లేదు, కానీ ఆ నిబంధన దీనికీ సరిపోతుంది. కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలన్న నియమం విలువ కూడా ఆ రోజు నా కళ్లతో చూశాను. ఏ ఇంటాయన ఎప్పుడు పోయాడో, ఏ చేను ఎప్పుడు కొట్టారో వాళ్లకు గుర్తున్నంత మగవాళ్లకు లేదు.

ఇంత ప్రమాదమైతే ఏఐ ఎందుకు, చేత్తోనే రాసుకోవచ్చు కదా అని గిరిజన సంఘాల్లో పనిచేసే పెద్దలు కొందరు అడుగుతారు. వాళ్ల అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒప్పుకోలేను. వంద కుటుంబాల ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. తునికాకు రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో వాళ్లూ పనికి పోతారు. రాసే చేయి దొరక్క గడువు దాటిపోయిన ఊళ్లు నాకు తెలుసు. ఇప్పటికే ఇంటర్నెట్ సెంటర్లలో ఏఐతో దరఖాస్తులు రాయించేస్తున్నారు, ఎవరూ చదివి వినిపించడం లేదు. దూరం పెట్టాలనుకున్నా అది వచ్చేసింది. కనీసం కట్టుబాటులో పెడదాం. ఒక మాట మాత్రం వాళ్లన్నదే నిజం: కోయ భాషకు ఈ యంత్రాల్లో చోటు లేదు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో తెచ్చిన ఆది వాణి సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. ఆ మొదటి జాబితాలో మా కోయ లేదు. కోయకు చోటు దొరికేదాకా, ఆ భాష తెలిసిన మనిషి పక్కన లేకుండా ఏ వాంగ్మూలమూ రాయించకూడదు.

ఖాతా ఎవరిదన్న మాటకు వస్తాను. పంచాయతీ కార్యదర్శి ఫోన్ నంబరుతో ఖాతా తెరిస్తే, ఆయన బదిలీ అయిన రోజున ఊరి ఫైళ్లన్నీ ఆయన ఓటీపీతో పాటు వెళ్లిపోతాయి. నా నంబరుతో తెరిచినా అంతే. రేపు నేను ఏ ఊరెళ్తానో నాకే తెలియదు. అందుకే గ్రామసభ తీర్మానం చేసి, కమిటీ పేరున సిమ్ తీసుకుని, తిరిగి తెరిచే కోడ్‌లను కాగితం మీద రాసి ఇద్దరు సభ్యుల ఇళ్లలో పెట్టమంటున్నాను. ఉచితంగా వచ్చే 15 జీబీ ఒక ఊరి కాగితాలకు ఎక్కువే. కానీ రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. 2023 నుంచి వాళ్ల నియమం అది. పోడు ఫైలు పదేళ్లయినా తేలకపోవచ్చు కాబట్టి, ఏటా ఒక గ్రామసభలో ఖాతా తెరిచి చూడటాన్ని ఎజెండాలో పెట్టాలి. కాగితం ప్రతి కూడా ఉండాలి. సారపాకలో కాగితం మిల్లు పెట్టుకుని మనం కాగితాన్ని వదులుకోనక్కర్లేదు. క్లౌడ్‌లో ఉన్నది, ట్రంకు పెట్టెలో ఉన్నది, ఐటీడీఏలో ఉన్నది, మూడూ ఒకటే అని పోల్చి చూసుకునే వీలుండాలి.

ఒక చిన్న టూల్ గురించి ఇంత దూరం ఎందుకు వచ్చానంటే, రేపు ప్రభుత్వమే ఇలాంటి సహాయకులను ఆఫీసుల్లోకి తెస్తుంది. తేవడం తప్పు కాదు. కానీ ధరణి మనకు గుర్తుండాలి. 2020 అక్టోబరులో మొదలైన ఆ పోర్టల్‌లో అనుభవదారు కాలమే తీసేశారు. ఒక తప్పు పడితే మండలంలో దిద్దే దిక్కు లేక రైతులు కలెక్టరేట్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణిలో మనుషులు ఎక్కించిన తప్పులే అన్ని ఇళ్లను ముంచాయి. ఏఐ రాసిన తప్పు ఒక్క రాత్రిలో వంద ఫైళ్లలోకి వెళ్లగలదు. పాత ప్రతి చెరగకుండా ఉంటే, తప్పు ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకోవచ్చు. దిద్దాల్సి వస్తే కొత్త ఫైలు పెట్టి, ఫలానా దానికి ఇది సవరణ అని రాస్తే సరిపోతుంది. పాతది అలాగే ఉంటుంది, ఎవరు ఎందుకు దిద్దారో కనిపిస్తుంది.

భద్రాచలం ఐటీడీఏకూ, గిరిజన సంక్షేమ శాఖకూ నేను అడిగేది ఇది. ఏ సంస్థ చేతనైనా అటవీ హక్కుల ఫైళ్ల కోసం ఏఐ టూల్ చేయించుకుంటే, అది కొత్త ఫైలు పెట్టగలగాలి తప్ప ఉన్నదాన్ని ముట్టుకోకూడదని టెండరులో రాయండి. ఊరివాళ్లకు వాళ్ల భాషలో వినిపించి, ఒప్పుకున్నవాళ్ల పేరు, తేదీ నమోదైతేనే ఫైలు పడాలని రాయండి. పైకి వెళ్లిన ప్రతి ఫైలుకూ ఒక ప్రతి అదే రోజు గ్రామసభ ఖాతాలోకి తిరిగి రావాలని రాయండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. చర్ల, దుమ్ముగూడెంలలో ఏవైనా నాలుగు ఊళ్లు ఎంచి వచ్చే తునికాకు సీజన్ లోపు పరీక్షించి చూడొచ్చు. నా టూల్ కోడ్ అంతా ఇస్తాను, ఏ ఆదివారం రమ్మన్నా వచ్చి కూర్చుంటాను.